కారణం దొరికిన దగ్గు: పాలమూరు, నల్లగొండ పల్లెల్లో క్షయను పోల్చుకోవడం, మందులు చివరిదాకా వాడడం ఎలా

మన ప్రాంతంలో కారణం లేని దగ్గు ఉండదు. క్రషర్‌లో పనిచేసేవాడికి దుమ్ము కారణం, బీడీ తాగేవాడికి బీడీ కారణం, పుణే నుంచో ముంబై నుంచో పండుగకు ఇంటికి వచ్చినవాడికి నీళ్లు మారడం కారణం, మనిషి సగమైపోతే రెక్కల కష్టం కారణం. మర్రిగూడ, మునుగోడు వైపు నడుము పట్టేసిందంటే ఫ్లోరైడ్ నీళ్లు తప్ప మరొకటి ఎవరికీ తోచదు. వీటిలో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. నిజమైన కారణం ఒకటి ముందే చేతికి దొరికింది గనుక రెండో కారణాన్ని వెతికేవారు ఉండరు. ఆ రెండో కారణం క్షయ అయినప్పుడు నెలలు గడిచిపోతాయి, ఆ నెలల్లో రోగి ఊపిరితిత్తులు దెబ్బతినడమే కాకుండా అదే గదిలో పడుకునే పిల్లలకూ పెద్దలకూ జబ్బు అంటుకుంటూ పోతుంది. ఈ జిల్లాల్లో టీబీ రోగుల ఇళ్లకు ఏళ్ల తరబడి తిరిగిన మనిషిగా చెబుతున్నాను: ఆలస్యంగా దవాఖానకు చేరినవారిలో ఎక్కువమంది తమ దగ్గు ఎందుకు వస్తున్నదో తమకు తెలుసనే అనుకున్నారు.

సోకడం వేరు, జబ్బు పడడం వేరు

క్షయకు మూలం మైకోబ్యాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్ అనే సూక్ష్మజీవి. జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ దీన్ని కనుగొన్న సంగతిని 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. క్షయ వంశపారంపర్యంగా వచ్చే రోగమని అంతకుముందు చాలామంది నమ్మేవారు, మన పల్లెల్లో ఇప్పటికీ ‘ఆ రోగం వాళ్లింట్లనే ఉన్నది’ అన్న మాట వినిపిస్తుంది. ఒకే ఇంట్లో తాత, తండ్రి, కొడుకు వరుసగా మంచాన పడడం చూసి పుట్టిన మాట అది. ఆ ముగ్గురూ ఒకే గదిలో గాలి పీల్చారన్న సంగతి మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఊపిరితిత్తుల క్షయ ఉన్న మనిషి దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా కంటికి కనబడనంత సన్నని తుంపరలు గాలిలోకి వెళ్తాయి. కిటికీ లేని గదిలో అవి గంటల తరబడి తేలుతూ ఉంటాయి, ఆ గాలి పీల్చిన మనిషి ఊపిరితిత్తుల్లోకి సూక్ష్మజీవి చేరుతుంది. ఎండకు, ఆడే గాలికి అది నిలవలేదు. కంచం, గ్లాసు, దుప్పటి, చేయి కలపడం వీటి వల్ల క్షయ రాదు. అందుచేత రోగికి వేరే కంచం పెట్టి, రాత్రి మాత్రం అందరూ తలుపులు బిగించుకుని ఒకే గదిలో పడుకునే ఇల్లు చేయవలసింది వదిలి చేయనక్కరలేనిది చేస్తున్నది. ఆ ఇంటి కిటికీ ముందు పేర్చిన బియ్యం బస్తాలను తీయించడం నా పనిలో భాగంగా ఉండేది.

సూక్ష్మజీవి చేరిన ప్రతి మనిషికీ జబ్బు రాదు. ఒంట్లోని రక్షణ శక్తి దాన్ని చుట్టుముట్టి కదలనీయకుండా పడుకోబెడుతుంది. అలా సోకినవారిలో నూటికి 5 నుంచి 10 మందికి మాత్రమే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు బయటపడుతుంది, అది కూడా ఎక్కువగా సోకిన మొదటి రెండేళ్లలో. మిగతావారికి దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, వారి నుంచి మరొకరికి అంటదు. ఇక తెలుసుకోవలసింది, పడుకున్న ఆ సూక్ష్మజీవి ఎవరి ఒంట్లో లేచి కూర్చుంటుందన్నది.

ఎవరికి ముప్పు ఎక్కువ

అందరికన్నా ముందు చెప్పవలసింది తిండి సరిగా లేనివారి గురించి. మన దేశంలో క్షయను పెంచే కారణాల్లో పోషణ లోపం చాలా పెద్దది. ఒక కొలత చెబుతాను, ఇంట్లోనే చూసుకోవచ్చు. అయిదడుగుల అయిదంగుళాల ఎత్తున్న మగమనిషి 50 కిలోలకన్నా, 150 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడమనిషి 42 కిలోలకన్నా తక్కువ బరువుంటే వైద్యశాస్త్రం లెక్కన వారు బక్కపలచగా ఉన్నట్టు. పొలం పనికి పోయే మనిషి ‘సన్నగా, గట్టిగా’ ఉన్నాడని మెచ్చుకునే అలవాటు మనకుంది కానీ, ఆ సన్నదనంలో సగం ఆకలిదే. అమ్రాబాద్ వైపు నల్లమల పెంటల్లోని (అడవి గూడేల్లోని) చెంచులను, ఏటా ఆరు నెలలు సైటు మీద వండుకు తినే వలస కూలీలను చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఝార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లలోని మిగతావారికి నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చి చూసిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఆ ఇళ్లల్లో కొత్తగా జబ్బు పడేవారు సుమారు 40 శాతం తగ్గారు. వాళ్లకు కొత్త మందేమీ ఇవ్వలేదు, తిండి మాత్రమే ఇచ్చారు.

రెండోది రాతి దుమ్ము. క్రషర్లలో, గ్రానైట్ కోసే చోట, పలుగురాయిని పొడిచేసే మిల్లుల్లో లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోతే సిలికోసిస్ వస్తుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం మామూలు మనుషులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఈ రెండు జబ్బులూ ఎక్స్‌రేలో ఒకదాన్ని మరొకటిగా భ్రమింపజేస్తాయి. తెమడలో సూక్ష్మజీవి లేకుండానే రెండు మూడుసార్లు టీబీ మందులు మింగిన రాతి కార్మికులూ ఉన్నారు, దుమ్ము జబ్బేనని వదిలేస్తే క్షయతో పోయినవారూ ఉన్నారు. అందుచేత వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు అడిగినా అడగకపోయినా ‘నేను ఇన్నేళ్లు రాయి పని చేశాను’ అని చెప్పడం అవసరం. కూలిపని అని చెబితే చాలదు.

షుగర్ జబ్బు ఉన్నవారికి ముప్పు రెండు మూడు రెట్లు. హెచ్ఐవీ ఉండి, దానికి మందు వాడని వారికి పది రెట్లకు పైగా. బీడీ, సిగరెట్ ఊపిరితిత్తుల రక్షణను దెబ్బతీస్తాయి. రోజూ తాగే మనిషికి తిండి తగ్గుతుంది, కాలేయం దెబ్బతింటుంది, తరువాత మందులు మొదలుపెట్టినా వేళకు వేసుకోవడం కుదరదు. కల్లు దుకాణం విషయంలో మనవారు ‘కల్లు మంచిదే కదా’ అంటారు గానీ, టీబీ మందులు మింగే కాలేయానికి సారాకూ కల్లుకూ తేడా తెలియదు. కీళ్లనొప్పులకు, ఆయాసానికి ఎక్కువ కాలం స్టెరాయిడ్ మందులు వాడినవారు, కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారు, అయిదేళ్ల లోపు పిల్లలు, వృద్ధులు కూడా ఈ కోవలోనివారే. వీరందరిలోనూ ఇంట్లో ఇదివరకే క్షయ రోగి ఉన్నవారిని ముందు పరీక్షించాలి.

ఏ లక్షణానికి ఎన్నాళ్లు ఆగాలి

రెండు వారాలు. దగ్గు రెండు వారాలు దాటితే, దానికి ఎంత మంచి కారణం తోచినా సరే, తెమడ పరీక్ష చేయించుకోవాలి. హెచ్ఐవీ ఉన్నవారైతే రెండు వారాలు కూడా ఆగకూడదు, దగ్గు ఎన్ని రోజులుగా ఉన్నా పరీక్ష చేయించవలసిందే. బీడీ తాగేవాడికి ఏళ్ల తరబడి దగ్గు ఉంటుంది కదా, రెండు వారాలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి అని అడుగుతారు. దగ్గు తీరు మారిన రోజు నుంచి లెక్కపెట్టాలి: పొద్దున మాత్రమే వచ్చేది రాత్రంతా రావడం, పొడిగా ఉండేది తెమడతో రావడం, తెమడలో నెత్తుటి చార కనబడడం.

దగ్గుతోపాటు సాయంత్రం పూట వచ్చే సన్నజ్వరం ఉంటుంది. పగలు పనికి పోయి, పొద్దుగూకే వేళకు ఒళ్లు వెచ్చబడి, తెల్లవారుజామున చొక్కా తడిసేలా చెమట పట్టి దిగిపోతుంది. పొద్దున దవాఖానకు పోతే థర్మామీటరులో ఏమీ కనబడదు. అందుకే సాయంత్రం ఆరు, ఏడు గంటల వేళ ఇంట్లో జ్వరం కొలిచి కాగితం మీద రాసుకుని పోతే వైద్యుడికి చాలా పని తగ్గుతుంది. ఆకలి మందగించడం, బరువు తగ్గడం, ఛాతీలో నొప్పి, కొద్ది దూరానికే ఆయాసం మిగిలిన లక్షణాలు. మన పల్లెల్లో బరువు ఎవరూ చూసుకోరు కాబట్టి గుర్తులను అడగాలి. మొలతాడు జారుతున్నదా? జాకెట్టు ఎన్నిసార్లు కుట్టు వేయించింది? పోయిన సంక్రాంతికి తీయించుకున్న ఫోటోలో ముఖం ఎట్లా ఉన్నది?

క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాదు. గోళ్లు, వెంట్రుకలు తప్ప దాదాపు ఏ అవయవానికైనా రావచ్చు. మెడ పక్కన నొప్పి లేకుండా పెరిగే గడ్డలను మన పెద్దలు గండమాల అన్నారు, వాటిలో చాలా భాగం క్షయే. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరవచ్చు. పొట్టలో, పేగుల్లో రావచ్చు. స్త్రీల గర్భాశయంలో, అండనాళాల్లో వచ్చి సంతానం కలగకుండా చేయవచ్చు. మెదడు పొరలకు వస్తే తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, మగత కనబడతాయి. అది ఒక్క రోజు కూడా ఆగకూడని స్థితి.

వెన్నెముక క్షయ గురించి నల్లగొండ వారికి ప్రత్యేకంగా చెప్పాలి. మునుగోడు వైపు ఒక రైతు ఏడు నెలలు నడుము నొప్పితో బాధపడ్డాడు. ఫ్లోరైడ్ ఊరు, నలభై దాటిన వయసు, ఊళ్లో సగం మందికి నడుము వంగే ఉంది; అతని నొప్పిని ఎవరూ వేరుగా చూడలేదు. అతని భార్య మాత్రం ఒక మాట అన్నది: ‘ఊళ్లో అందరికీ నొప్పి ఉన్నది సారూ, ఈయనకు రాత్రి చెమటలు కూడా వస్తున్నయి.’ ఎంఆర్ఐ తీస్తే రెండు వెన్నుపూసలు కరిగి, పక్కన చీము చేరి ఉంది. ఫ్లోరోసిస్ నడుమును ఏళ్ల తరబడి, నెమ్మదిగా, చాలా చోట్ల ఒకేసారి బిగిస్తుంది. ఒకే చోట వేలు పెట్టి చూపగలిగే నొప్పి, నెలల్లో పెరిగే నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, దానితో పాటు జ్వరమో బరువు తగ్గడమో ఉంటే వెన్నెముకను పరీక్షించాలి. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పేదాకా ఆగితే నడక తిరిగి రాకపోవచ్చు.

పిల్లలు తెమడ ఉమ్మలేరు. రెండు వారాలకు మించిన దగ్గు లేదా జ్వరం, బరువు పెరగకపోవడం, ఆటల మీద ఆసక్తి పోవడం, ఇంట్లో పెద్దవారెవరికైనా క్షయ ఉండడం వారి విషయంలో చూడవలసినవి. పుట్టగానే వేసే బీసీజీ టీకా పసిపిల్లలను మెదడు క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుంచి కాపాడుతుంది. పెద్దయ్యాక ఊపిరితిత్తుల క్షయ రాకుండా మాత్రం ఆపలేదు.

తెమడ ఎట్లా ఇవ్వాలి

పరీక్షలో పొరపాటు ఎక్కువగా జరిగేది యంత్రం దగ్గర కాదు, డబ్బా దగ్గర. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో పల్లె దవాఖానలోనో మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. చాలామంది మొహమాటంతో అక్కడే గోడవైపు తిరిగి ఇంత ఉమ్మి వేసి ఇస్తారు. ఉమ్మిలో సూక్ష్మజీవి దొరకదు. ‘టీబీ లేదు’ అన్న కాగితం చేతికి వస్తుంది, మనిషి నిశ్చింతగా ఇంటికి పోతాడు.

ముందు నీళ్లతో నోరు పుక్కిలించాలి. గాలి ఆడే ఆరుబయటికి, నలుగురికీ దూరంగా వెళ్లాలి. నిండుగా గాలి పీల్చి కొద్దిసేపు బిగబట్టి వదలాలి, అలా రెండు మూడుసార్లు చేశాక పొట్ట లోపలి నుంచి బలంగా దగ్గాలి. పైకి వచ్చిన చిక్కని తెమడను డబ్బాలోకి తీసుకోవాలి, సుమారు అర చెంచా నుంచి చెంచా దాకా ఉండాలి. అది తీగలా సాగాలి. నీళ్లలా, నురుగులా ఉంటే మళ్లీ దగ్గాలి. మూత గట్టిగా బిగించి ఇవ్వాలి. మామూలుగా రెండు నమూనాలు అడుగుతారు: ఒకటి అప్పటికప్పుడు, రెండోది తెల్లవారి నిద్ర లేవగానే, పళ్లు తోమకముందు. రాత్రంతా పేరుకున్న తెమడ కాబట్టి రెండోదే ఎక్కువ పనికివస్తుంది.

ఆ నమూనాను సూక్ష్మదర్శిని కింద చూడడం పాత పద్ధతి. ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ అనే యంత్రాలు సూక్ష్మజీవి జన్యు పదార్థాన్ని వెతికి గంట రెండు గంటల్లోనే ఫలితం చెబుతాయి. ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు ఆ సూక్ష్మజీవి లొంగుతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. ట్రూనాట్ మన దేశంలో తయారైన యంత్రమే. ప్రభుత్వ దవాఖానల్లో ఈ పరీక్షలకు డబ్బు తీసుకోరు. ఎక్స్‌రే అనుమానాన్ని బలపరుస్తుంది, అదొక్కటే చాలదు. మెడ గడ్డకైతే సూదితో నమూనా తీసి పరీక్షిస్తారు. రక్తంలో యాంటీబాడీలు చూసి క్షయ ఉందని చెప్పే కిట్లు తప్పుడు ఫలితాలు ఇస్తున్నాయని ప్రభుత్వం 2012లోనే వాటిని నిషేధించింది. చేతి చర్మం మీద చేసే మాంటూ పరీక్ష సూక్ష్మజీవి సోకిన సంగతినే చెబుతుంది, జబ్బు ఉందని చెప్పదు.

ఇక్కడ ఊళ్లోని ఆర్ఎంపీల గురించి ఒక మాట. అర్ధరాత్రి తలుపు కొడితే పలికేది వారే, కాబట్టి వారిని తీసిపారేయడం తేలిక కాదు. అయితే దగ్గుకు లెవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ ఇస్తే అది క్షయ సూక్ష్మజీవిని కొంతవరకు అణచివేస్తుంది, స్టెరాయిడ్ సూది ఇస్తే నాలుగు రోజులు ఆకలి పుడుతుంది, జ్వరం తగ్గుతుంది. ఈ రెండూ రోగిని మభ్యపెట్టి, పరీక్షను నెలలు వెనక్కి నెడతాయి. ఒక వరుస మందులకు తగ్గని దగ్గును తెమడ పరీక్షకు పంపించే ఆర్ఎంపీ ఊరికి చాలా మేలు చేసినవాడు.

మందులు: ఏవి, ఎందుకు, ఎన్నాళ్లు

మందులకు లొంగే క్షయకు నాలుగు మందులు కలిపి ఇస్తారు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబ్యుటాల్. మొదటి రెండు నెలలు నాలుగూ, తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడూ. నాలుగూ ఒకే మాత్రలో కలిసి ఉంటాయి, రోజుకు ఎన్ని మాత్రలన్నది రోగి బరువును బట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు. అందుకే బరువు బాగా పెరిగితే మోతాదు మళ్లీ చూడాలి. వెన్నెముక, మెదడు వంటి చోట్ల వచ్చిన క్షయకు సంవత్సరం దాకా మందులు అవసరం కావచ్చు. ఒకప్పుడు వారానికి మూడు రోజులు ఇచ్చే పద్ధతి ఉండేది. 2017 నుంచి దేశమంతటా రోజువారీ పద్ధతి వచ్చింది. మందులు ఉచితం, ప్రైవేటు వైద్యుడి దగ్గర చూపించుకునేవారికి కూడా.

నాలుగు మందులు ఎందుకన్నది రోగికి చెప్పకుండా మందు మింగమనడం వల్లనే చాలామంది మధ్యలో ఆపేస్తారని నా అభిప్రాయం. సాధారణ సూక్ష్మజీవులు కొన్ని ఇరవై నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతాయి, క్షయ సూక్ష్మజీవికి అందుకు రోజులో ఎక్కువ భాగం పడుతుంది. పెరుగుతున్న సూక్ష్మజీవిని మందు తేలికగా చంపుతుంది. నిద్రపోతున్నదాన్ని చంపడం కష్టం. మొదటి రెండు నెలల్లో చురుకుగా ఉన్నవి చస్తాయి, దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. నిద్రపోతున్న కొన్ని మిగిలే ఉంటాయి, వాటి కోసమే తక్కిన నాలుగు నెలలు. ఇక ఒకే మందు ఇస్తే ఏమవుతుందో 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చిన కొత్తలోనే తేలిపోయింది: రోగులు మొదట కోలుకున్నారు, తరువాత ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగి మళ్లీ జబ్బు పడ్డారు.

దేవరకొండ వైపు ఒక తండాలో ఒక ఇల్లాలు గోడ క్యాలెండరులో మందు వేసుకున్న ప్రతి రోజు మీదా బొగ్గుతో అడ్డగీత పెట్టేది. మొదటి నెల గీతలన్నీ ఉన్నాయి. రెండో నెలలోనూ ఉన్నాయి. మూడో నెల పన్నెండో తేదీతో గీతలు ఆగిపోయాయి. గూట్లో పసుపు డబ్బా వెనుక సగం తిన్న మాత్రల అట్ట ఉంది. అడిగితే, ‘మంచిగనే అయిన కదా, నాలుగు కిలోలు పెరిగిన’ అన్నది. ఆమె మాటలో తప్పు లేదు, ఆమె బాగానే అయింది. ఆ బాగవడమే ఆమె చేత మందు మాన్పించింది. ఆపేసేవారిలో చాలామంది రెండు మూడు నెలల మధ్యనే, ఒంట్లో కులాసాగా ఉన్నప్పుడే ఆపేస్తారు. ఇంటివారు గట్టిగా కనిపెట్టవలసిన కాలం అది.

మాత్రలు పొద్దున ఖాళీ కడుపుతో వేసుకుంటే బాగా ఒంటబడతాయి. వికారం పెడితే మానేయవద్దు, కొద్దిగా టిఫిన్ తిని వేసుకోవచ్చు. ఉదయం మరచిపోతే అదే రోజు గుర్తుకు వచ్చినప్పుడు వేసుకోవాలి, మరునాడు రెండు రోజులవి కలిపి మింగకూడదు. కొన్ని రోజులు వరుసగా తప్పితే భయపడి దాచకుండా ఆశా కార్యకర్తకో, టీబీ సూపర్వైజరుకో చెప్పాలి. నెల రోజులు దాటితే మళ్లీ తెమడ పరీక్ష చేసి మందులు నిర్ణయించవలసి వస్తుంది.

దుష్ఫలితాల్లో ఏది మామూలు, ఏది ప్రమాదం అన్నది ముందే తెలియాలి. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో, ఒక్కోసారి ఎర్రగా వస్తుంది, కన్నీరు, చెమట కూడా రంగు మారవచ్చు. ఇది హాని కాదు. మొదటి రోజునే నెత్తురు పోతున్నదని బెదిరి మందు పారేసినవారిని చూశాను. ఐసోనియాజిడ్ వల్ల అరికాళ్లు, అరిచేతులు తిమ్మిరెక్కి మంటలు పుట్టవచ్చు. దానికి బీ6 విటమిన్ మాత్ర ఇస్తారు. పైరజినమైడ్ కీళ్లనొప్పులు తేవచ్చు. ఎథాంబ్యుటాల్ అరుదుగా చూపును దెబ్బతీస్తుంది, ముఖ్యంగా ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియకుండా పోతుంది. చూపు మసకబారితే ఆ రోజే వైద్యుడికి చెప్పాలి. అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది కాలేయం విషయంలో. కళ్లు పచ్చబడడం, ఆగని వాంతులు, కడుపు కుడివైపు నొప్పి, అన్నం వాసన కూడా పడకపోవడం కామెర్ల గుర్తులు. మూత్రం రంగు చూసి కామెర్లను పోల్చుకోలేం, ఎందుకంటే మందుతోనే ఆ రంగు మారి ఉంటుంది. కంటి తెల్లగుడ్డు చూడాలి. అది పచ్చగా ఉంటే మాత్రలు ఆపి వెంటనే దవాఖానకు పోవాలి. పచ్చకామెర్లకు పసరు పోయించుకోవడం అలవాటైన ప్రాంతం కాబట్టి మరీ నొక్కి చెబుతున్నాను: పసరు కోసం పోయి రోజులు పోగొట్టుకోవద్దు.

రిఫాంపిసిన్ మరికొన్ని మందుల బలాన్ని తగ్గిస్తుంది. గర్భనిరోధక మాత్రలు పనిచేయకపోవచ్చు, మరో పద్ధతి పాటించాలి. కొన్ని షుగర్ మాత్రల శక్తి తగ్గుతుంది, కొందరికి ఇన్సులిన్ అవసరమవుతుంది. రక్తం పలుచబరిచే మందులు, మూర్ఛ మందులు, హెచ్ఐవీ మందులు వాడేవారు వాటి చీటీలన్నీ వైద్యుడికి చూపాలి. క్షయ తేలిన ప్రతి మనిషికీ షుగర్, హెచ్ఐవీ పరీక్షలు చేస్తారు. అనుమానించి చేస్తున్నారని ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. గర్భిణులు ఈ నాలుగు మందులూ వాడవచ్చు, బాలింతలు మాస్కు కట్టుకుని పాలివ్వవచ్చు.

మందులు బాగా పనిచేస్తుంటే రెండు వారాల తరువాత రోగి నుంచి ఇతరులకు అంటుకునే అవకాశం చాలావరకు తగ్గిపోతుంది. ఆలోపు మాస్కు, గాలి ఆడే చోట పడక, ఉమ్మడానికి మూత ఉన్న డబ్బా చాలు. మనిషిని ఇంటి నుంచి వేరుచేయనక్కరలేదు. ఒకప్పుడు క్షయ రోగులను వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల మీది శానిటోరియంకు పంపేవారు, కొండగాలి, విశ్రాంతి మందుల్లో భాగమనుకున్న రోజులవి. మద్రాసులో 1950ల చివర జరిగిన పరిశోధన ఇంట్లో ఉండి మందు తిన్నవారూ శానిటోరియంలో ఉన్నవారూ ఒకేలా కోలుకున్నారని, ఇంట్లో ఉంచినందువల్ల ఇంటివారికి ప్రత్యేకంగా ముప్పు పెరగలేదని తేల్చింది. ప్రపంచమంతా ఇంటి వైద్యానికి మారడానికి అదొక పెద్ద ఆధారమైంది.

మందు మధ్యలో వలస

పాలమూరు లేబర్ అన్న మాట ముంబై, పుణే, బెంగళూరు దాకా తెలిసినదే. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ముందే ఖర్చయిపోయి ఉంటుంది, సైటుకు బయలుదేరే తేదీ వస్తుంది, అప్పటికి మందులు మూడో నెలలోనో నాలుగో నెలలోనో ఉంటాయి. ‘ఊరికి పోవద్దు’ అని రోగికి చెప్పడం నాకు ఎప్పుడూ నోరు రాలేదు, చెప్పినా ఆగే స్థితి అతనికి లేదు. చేయగలిగింది ఒకటుంది. ప్రతి రోగి పేరూ నిక్షయ్ అనే కంప్యూటరు జాబితాలో ఒక గుర్తింపు సంఖ్యతో ఉంటుంది. పోయే వారం ముందే ఆశా కార్యకర్తకు లేదా టీబీ సూపర్వైజరుకు ఊరు, సైటు ఉన్న ప్రాంతం చెబితే, చేతికి కొన్ని రోజుల మందులిచ్చి అక్కడి కేంద్రానికి పేరు బదిలీ చేస్తారు. ఆ సంఖ్యను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోవాలి. నారాయణపేట మనిషి పుణేలోనూ అవే మాత్రలు, అంతే ఉచితంగా తీసుకోవచ్చు. ఎవరిని అడగాలో తెలియకపోతే నిక్షయ్ సంపర్క్ ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666. మేస్త్రీకి జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నది రోగి ఇష్టం, కానీ గుంపులో ఒకరికైనా తెలిసి ఉంటే పొద్దున మాత్ర గుర్తుచేసేవారు ఉంటారు. ఒకే రేకుల షెడ్డులో పదిమంది పడుకున్నప్పుడు ఆ పదిమందికీ పరీక్ష చేయించడం కూడా అప్పుడు వీలవుతుంది.

ఇంటివారికి, తిండికి

రోగి ఇంట్లోవారందరినీ పరీక్షించాలి. జబ్బు లేదని తేలినవారికి, ముఖ్యంగా అయిదేళ్ల లోపు పిల్లలకు, జబ్బు రాకుండా ముందస్తు మందు ఇస్తారు: ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్, లేదా పన్నెండు వారాలు వారానికి ఒకసారి ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి. ‘ఏ రోగం లేని పిల్లకు మందెందుకు’ అని తల్లులు అడుగుతారు. పడుకున్న సూక్ష్మజీవి లేవకముందే చంపడానికని చెబితే ఒప్పుకుంటారు.

నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి అది 1,000 రూపాయలైంది. బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఖాతా వివరాల్లో తప్పు ఉంటే డబ్బు ఆగిపోతుంది కాబట్టి మొదటి వారంలోనే పాసుబుక్ నకలు ఇచ్చి సరిచూసుకోవాలి. ఆ డబ్బుతో టానిక్ సీసాలు, హార్లిక్స్ డబ్బాలు కొనేవారే ఎక్కువ. నా సలహా వేరు: రోజుకు రెండు గుడ్లు, గుప్పెడు వేయించిన పల్లీలు, జొన్నరొట్టెతో చిక్కని పప్పు, వీలైతే పాలు. పల్లి పండించే జిల్లాలో బలం కోసం డబ్బా కొననక్కరలేదు. ప్రతి నెలా ఒకే తూకం మీద బరువు చూసుకోవాలి. రెండు నెలలైనా బరువు కదలకపోతే మందు పనిచేయడం లేదేమోనని, షుగర్ ఉందేమోనని మళ్లీ చూడవలసి ఉంటుంది.

మందులకు లొంగని క్షయ

ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని దాన్ని ఎండీఆర్ టీబీ అంటారు. మధ్యలో మందు మానినవారికే ఇది వస్తుందనుకోవడం పొరపాటు, అలాంటి రోగి దగ్గర గాలి పీల్చిన మనిషికి మొదటి నుంచే ఇదే రావచ్చు. ఒకప్పుడు నెలల తరబడి సూదులు, రెండేళ్ల దాకా మాత్రలు, కొందరికి చెవుడు. ఇప్పుడు ఆ సూదులు పోయాయి. బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపి ఆరు నెలల్లో ముగిసే చికిత్సకు 2024లో కేంద్ర ఆరోగ్య శాఖ అనుమతి ఇచ్చింది. ఇవి గుండె లయను, రక్తకణాలను, నరాలను ప్రభావితం చేయగలవు కాబట్టి ఈసీజీ, రక్త పరీక్షలు తప్పకుండా చేస్తారు.

మందులు అయిపోయాక

మందులు మొదలుపెట్టి రెండు నెలలు నిండాక ఒకసారి, చికిత్స చివర ఒకసారి తెమడ పరీక్ష ఉంటుంది. చివరి పరీక్ష బాగుందని మందులు ఆపిన తరువాత కూడా రెండేళ్ల పాటు ఆరు నెలలకు ఒకసారి చూపించుకోవాలి, జబ్బు తిరగబెడితే ఎక్కువగా ఆ కాలంలోనే తిరగబెడుతుంది. ఊపిరితిత్తుల్లో మిగిలిన మచ్చ ఎక్స్‌రేలో జీవితాంతం కనబడవచ్చు. అయిదేళ్ల తరువాత మరో ఊళ్లో మరో వైద్యుడు ఆ మచ్చను చూసి కొత్తగా టీబీ అని మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. కాబట్టి మొదటి ఎక్స్‌రే, చివరి ఎక్స్‌రే, తెమడ ఫలితాల కాగితాలు, చికిత్స కార్డు అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి, పట్టాదారు పాసుబుక్ పెట్టే చోటనే పెట్టుకోవాలి.